అరుదైన వంశచరిత్ర పుస్తకం: ఎక్కడ వెతకాలి, దొరికాక ఎలా పంచాలి

విశాఖపట్నంలో పాత ఇళ్లు ఒక్కొక్కటిగా నేలమట్టం అవుతున్నాయి. వన్‌టౌన్‌లోనో మహారాణిపేటలోనో పెంకుటిల్లు పడగొట్టి అపార్ట్‌మెంట్ కట్టే ముందు అటక మీది సామాను కిందికి దించుతారు. ఇత్తడి గంగాళాలు, గోడగడియారం, మందపు చెక్క బీరువా పంపకాల్లోకి వస్తాయి. ట్రంకుపెట్టెలోని కాగితాలు మాత్రం కిలోల లెక్కన పాత పేపర్ల కొట్టుకు వెళ్లిపోతాయి. వాటి మధ్య ఒక సన్నని పుస్తకం ఉండవచ్చు. అట్ట మీద ఫలానా వారి వంశవృక్షము అని, లోపల ఎక్కడో చిన్న అక్షరాల్లో బంధుమిత్రులకు మాత్రమే అని ఉంటుంది. ఇంటి పెద్ద ఒకరు ఊరూరా తిరిగి, ఉత్తరాలు రాసి, సొంత డబ్బుతో అచ్చు వేయించిన పుస్తకం అది. దుకాణంలో అమ్మకానికి పెట్టింది కాదు కనుక ఒక్కో ప్రతి పోయినప్పుడల్లా ఆ నష్టం శాశ్వతం.

ఇలాంటి పుస్తకాల కోసం వెతికేవారికి ఎవరైనా మొదట చెప్పే సలహా లైబ్రరీకి వెళ్లమని, లేదా ఇంటర్నెట్‌లో చూడమని. రెండూ మంచివే. కానీ ఏ రకం పుస్తకానికి ఏ దారి మంచిదో తెలియకుండా బయలుదేరితే నెలలు వృథా అవుతాయి. అందుకని ముందు మీకు కావలసింది ఏమిటో తేల్చుకోండి. రాజులు, జమీందారుల వంశచరిత్రా? ఒక మామూలు కుటుంబం అచ్చు వేయించుకున్న పుస్తకమా? అచ్చుకే రాని తాళపత్రమో, చేతిరాత నోటుబుక్కో, నోటిమాటగా నిలిచిన వంశావళో?

మొదటి రకం గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, సులువుగానే దొరుకుతుంది. 1869లో బ్రిటిష్ అధికారి కార్మైకేల్ రాసిన విశాఖపట్నం జిల్లా మాన్యువల్, 1907లో ఫ్రాన్సిస్ రాసిన జిల్లా గెజిటీరు రెండూ పాత పుస్తకాల స్కాన్లు ఉంచే వెబ్‌సైటు అయిన ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. విజయనగరం పూసపాటి వారు, బొబ్బిలి వారు, జయపురం వారు, మాడుగుల వారు అందులో తరాల క్రమంతో కనిపిస్తారు. బొబ్బిలి మహారాజు తమ జమీందారీ చరిత్రను తామే ఇంగ్లీషులో రాసి అచ్చు వేయించారు కూడా. మీ ముత్తాత ఏదైనా సంస్థానంలో దివానుగానో కరణంగానో పనిచేసి ఉంటే ఇవి చూడడం మంచిది. ఒక్క జాగ్రత్త: పాత పుస్తకాల్లో విశాఖపట్నం జిల్లా అంటే నేటి జిల్లా కాదు. జయపురం ప్రాంతం 1936లో ఒడిశాకు వెళ్లింది, శ్రీకాకుళం 1950లో విడిపోయింది, విజయనగరం జిల్లా 1979లో ఏర్పడింది, 2022లో అనకాపల్లి, అల్లూరి సీతారామరాజు జిల్లాలు వేరయ్యాయి. పాలకొండలోనో చీపురుపల్లిలోనో ఉన్న మీ ఊరు పాత జాబితాల్లో విశాఖపట్నం కిందే ఉంటుంది.

ఈ రకంలోనే చాలామంది పట్టించుకోని మరో వనరు ఉంది: బ్రిటిష్ కాలంలో చివరి అప్పీలు వినే ప్రివీ కౌన్సిల్ తీర్పులు. జమీందారీ వారసత్వం, దత్తత, విభాగం, భరణం మీద వచ్చిన దావాలు లండన్ దాకా వెళ్లాయి. భరణం మీద 1918లో తీర్పు వచ్చిన పిఠాపురం కేసు అలాంటిదే. ఇలాంటి తీర్పుల్లో చాలా చోట్ల వంశవృక్షం పట్టిక రూపంలో ఉంటుంది. ఆస్థాన కవి రాసిన వంశచరిత్రనూ కోర్టు రికార్డులోని పట్టికనూ పక్కపక్కన పెడితే నేను రెండోదాన్నే ఎక్కువ నమ్ముతాను. ఎదుటి పక్షం వకీలు ప్రశ్నించిన తర్వాత నిలిచిన పేర్లు అవి. అయితే దావాకు సంబంధించిన శాఖలే అందులో ఉంటాయి. మిగిలిన శాఖల కోసం మళ్లీ ఆస్థాన కవి దగ్గరికే వెళ్లాలి.

కుటుంబాలు అచ్చు వేయించుకున్న పుస్తకాలు

అసలు కష్టం ఇక్కడే. దీనికి నాలుగు దారులు ఉన్నాయి: బంధువులు, గ్రంథాలయాలు, పాత పుస్తకాల వ్యాపారులు, ఇంటర్నెట్. నా సలహా బంధువులతోనే మొదలుపెట్టమని, అది కూడా మీ ఇంటిపేరు ఉన్నవారితో కాదు, ఆడపడుచుల ఇళ్లతో. వంశం మగవారి పేర్లతోనే నడుస్తుంది కనుక పుస్తకం మగవారి ఇళ్లలోనే ఉంటుందని అనుకుంటాం. కానీ ఉమ్మడి ఇల్లు పంచుకున్నప్పుడు, ఊరు మారినప్పుడు, అప్పుల్లో ఇల్లు అమ్ముకున్నప్పుడు కాగితాలు పోయేది అక్కడే. పెళ్లై వెళ్లిన కూతురు మాత్రం పుట్టింటి గుర్తుగా పుస్తకాన్ని చీరల పెట్టెలో అడుగున దాచుకుంటుంది. పుస్తకం అచ్చయిన కాలంలో పెళ్లిళ్లయిన ఆడపిల్లలు ఏ ఊళ్లకు వెళ్లారో కనుక్కుని, ఆ ఇళ్ల మనవలను అడగండి. మేనత్త మనవడి దగ్గర దొరికే అవకాశం పెదనాన్న మనవడి దగ్గర కంటే తక్కువేమీ కాదు.

అడిగే తీరు కూడా ముఖ్యం. ‘మీ దగ్గర వంశవృక్షం ఉందా’ అంటే ‘లేదండీ’ అన్న జవాబు వెంటనే వస్తుంది. ‘తాతగారి పెట్టెలో పాత కాగితాలు, పెళ్లి శుభలేఖలు, దస్తావేజులు ఏమైనా ఉన్నాయా, ఒకసారి కూర్చుని చూద్దామా పెద్దమ్మా’ అని అడిగితే పెట్టె తెరుచుకుంటుంది. పెద్దవారి ఎదురుగా కూర్చుని చూడడం వల్ల ఇంకొక లాభం ఉంది. ఒక్కో కాగితం బయటకు వస్తుంటే వారికి గుర్తొచ్చే సంగతులు ఏ పుస్తకంలోనూ ఉండవు. కుటుంబ పురోహితుణ్ణి కూడా వదలకండి. తద్దినంలో తండ్రి, తాత, ముత్తాత పేర్లు గోత్రంతో సహా చెప్పాలి కనుక కొందరు పురోహితులు యజమానుల ఇళ్ల పేర్లను తరతరాలుగా నోటుబుక్కుల్లో రాసి ఉంచుకుంటారు.

గ్రంథాలయాల్లో మనకు అందుబాటులో ఉన్న వాటిలో మొదట చెప్పవలసింది ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయం. 1926లో మొదలైన విశ్వవిద్యాలయం కనుక పాత తెలుగు ముద్రణలు, తాళపత్రాలు అక్కడికి చేరాయి. బయటి వారు చూడాలంటే ముందుగా అనుమతి తీసుకోవాలి. ఏమి వెతుకుతున్నారో ఒక కాగితం మీద స్పష్టంగా రాసి తీసుకెళ్తే పని త్వరగా అవుతుంది. ద్వారకానగర్‌లోని పౌర గ్రంథాలయం సాధారణ పాఠకులకు సులువైన చోటే గాని అరుదైన వంశచరిత్రల కోసం దాని మీద ఆశ పెట్టుకోను. దానికంటే రైలెక్కి రాజమహేంద్రవరం గౌతమీ గ్రంథాలయానికో, కాకినాడ ఆంధ్ర సాహిత్య పరిషత్తుకో, 1918 నుంచి నడుస్తున్న వేటపాలెం సారస్వత నికేతనానికో వెళ్లడం మేలు. గోదావరి జిల్లాల నుంచి విశాఖకు వచ్చి స్థిరపడిన కుటుంబాలకైతే గౌతమీ గ్రంథాలయాన్నే ముందు సూచిస్తాను.

ఇక్కడ కూడా దొరకకపోతే చెన్నైకి వెళ్లాలా, కోల్‌కతాకు వెళ్లాలా? విశాఖ నుంచి రెండూ దాదాపు ఒకే దూరం, కనుక పుస్తకం అచ్చయిన సంవత్సరాన్ని బట్టి నిర్ణయించుకోవాలి. 1867లో వచ్చిన ముద్రణాలయాలు, పుస్తకాల నమోదు చట్టం ప్రకారం మద్రాసు ప్రెసిడెన్సీలో అచ్చయిన ప్రతి పుస్తకాన్నీ ప్రభుత్వానికి ఇవ్వాల్సి ఉండేది. అలా నమోదైన పుస్తకాల జాబితాలను మూడు నెలలకొకసారి ప్రకటించేవారు. పుస్తకం పేరు, ముద్రించిన చోటు, ముద్రాపకుడు, కొన్నిసార్లు ఎన్ని ప్రతులు వేశారో కూడా వాటిలో ఉంటుంది. ప్రతి దొరకకపోయినా ఆ పుస్తకం నిజంగా అచ్చయిందని రుజువు చేసే కాగితం అదే. బంధువులు ‘ఉండేదట’ అని చెప్పుకునే పుస్తకం విషయంలో ఈ రుజువు ఎంతో విలువైనది. 1954కు ముందు అచ్చయిన వాటికి 1896లో తెరిచిన చెన్నై కన్నెమరా గ్రంథాలయాన్ని ముందు చూడండి. 1954లో పుస్తకాల అప్పగింత చట్టం వచ్చాక కోల్‌కతా జాతీయ గ్రంథాలయానికీ, కన్నెమరాకూ, ముంబై, ఢిల్లీల్లోని మరో రెండు గ్రంథాలయాలకూ ప్రతులు పంపాలన్న నియమం ఏర్పడింది. సొంత ఖర్చుతో వేసుకున్న చిన్న పుస్తకాలను చాలామంది పంపలేదు కనుక ఆ తర్వాతి కాలపు పుస్తకం అక్కడ తప్పక ఉంటుందని అనుకోవద్దు. ప్రయాణం పెట్టుకునే ముందు ఉత్తరం రాయండి. లండన్‌లో ఉన్న తెలుగు పుస్తకాల గురించి తెలుసుకోవాలంటే బార్నెట్ 1912లో తయారుచేసిన బ్రిటిష్ మ్యూజియం తెలుగు పుస్తకాల పట్టికను ఇంట్లోనే కూర్చుని చూడవచ్చు.

పాత పుస్తకాల వ్యాపారుల విషయంలో నా అభిప్రాయం కొంచెం గట్టిది. హైదరాబాద్ ఆబిడ్స్‌లో ఆదివారం ఫుట్‌పాత్ మీదో, విజయవాడ లెనిన్ సెంటర్‌లోనో చేతికి దొరికితే తప్పక కొనండి. ఫోనులో బేరమాడి, అరుదైనదని పెద్ద ధర చెప్పే వారి దగ్గర మాత్రం తొందరపడవద్దు. ముందు మూడు ఫోటోలు అడగండి: ముఖపత్రం, చివరి పేజీ, వంశవృక్షం గీసిన మడత కాగితం. ఈ పుస్తకాల్లో మొదట చిరిగి పోయేది ఆ మడత కాగితమే. అది లేని ప్రతికి పూర్తి ధర ఇవ్వడంలో అర్థం లేదు. పుస్తకం మొత్తం చదవగలిగే స్కాన్ ఇంకెక్కడైనా దొరుకుతుంటే కొనడానికి వెచ్చించే డబ్బును స్కానింగుకో బైండింగుకో ఉపయోగించడం మేలు.

ఇంటర్నెట్‌లో వెతికేటప్పుడు అందరికీ ఎదురయ్యే చిక్కు పేర్లది. భారత డిజిటల్ లైబ్రరీ పథకంలో స్కాన్ చేసిన వేలాది తెలుగు పుస్తకాలు ఇప్పుడు ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ఉన్నాయి. కానీ వాటి పేర్లను ఇంగ్లీషు అక్షరాల్లో ఎవరికి తోచినట్టు వారు ఎక్కించారు. ఒకే పేరు రకరకాల వర్ణక్రమాల్లో ఉంటుంది, రచయిత పేరు ఉండాల్సిన చోట ముద్రాపకుడి పేరు ఉంటుంది, కొన్నిసార్లు సంవత్సరమే తప్పు. అందువల్ల ఇంటిపేరుతో ఆగిపోకుండా గోత్రం, మూలగ్రామం, ముద్రణశాల పేరు, వంశావళి, వంశచరిత్రము, వంశానుక్రమణిక, వంశప్రదీపిక వంటి పేర్లు అన్నీ మార్చి మార్చి ప్రయత్నించండి. దత్తత వెళ్లిన శాఖ అయితే రెండు ఇంటిపేర్లతోనూ వెతకాలి.

అచ్చులో లేనివి

చేతిరాత ప్రతులకు చెన్నైలోని ప్రభుత్వ ప్రాచ్య లిఖిత పుస్తక భాండాగారం ముఖ్యమైనది. ఈస్టిండియా కంపెనీ సర్వేయరు కల్నల్ మెకంజీ సేకరింపజేసిన కైఫియతులు, వంశావళులు, సి.పి. బ్రౌన్ సేకరించిన ప్రతులు అక్కడికి చేరాయి. కైఫియతు అంటే ఊరి కరణాలు, పెద్దలు చెప్పిన గ్రామ వృత్తాంతం. అందులో గ్రామాధికారుల తరాలు, ఇనాములు పొందినవారి పేర్లు వస్తాయి. మీ పూర్వులకు ఇనాం భూమి ఉండేదని ఇంట్లో చెప్పుకుంటే, 1858లో మొదలైన ఇనాం కమిషన్ రిజిస్టర్లను కూడా వెతకవలసిందే. భూమి ఎవరికి ఇచ్చారు, అప్పుడు ఎవరి అనుభవంలో ఉంది అన్న వివరాలు వాటిలో నమోదయ్యాయి. పొగడ్త లేదు, అలంకారం లేదు, పేర్లూ సంబంధాలూ మాత్రమే ఉంటాయి.

తీర్థ పురోహితుల పుస్తకాలు మరో దారి. హరిద్వారంలోని పండాలు, అంటే తీర్థ పురోహితులు, యాత్రికుల కుటుంబాల పేర్లు రాసి ఉంచే బహీలను అమెరికాలోని యూటా వంశావళి సంఘం మైక్రోఫిల్ముల మీదికి ఎక్కించింది గాని, అవి ఎక్కువగా ఉత్తరాది కుటుంబాలవి. తెలుగువారికి కాశీ, గయ, పూరీ దగ్గరి దారులు. విశాఖ నుంచి పూరీ రైలులో ఒక రాత్రి ప్రయాణం. ఉత్తరాంధ్ర కుటుంబాలు జగన్నాథ దర్శనానికి వెళ్లడం తరతరాల ఆనవాయితీ కనుక ముందు అక్కడే చూడమంటాను. ఊరు, తాలూకా, ఇంటిపేరు, కులం చెప్పాలి. వారి దగ్గర మీ తాత చేతి సంతకం దొరికితే దాని ముందు ఏ అచ్చు పుస్తకమూ నిలవదు. దక్షిణ ఎంత ఇస్తారో ముందే మాట్లాడుకోండి, ఫోటో తీయడానికి అనుమతి అడగండి.

నోటిమాటగా వంశాలను నిలిపిన భట్రాజులు, వంశరాజులు ఇంకా ఉన్నారు. గోత్రాలనూ ఇంటిపేర్లనూ తరాల క్రమంలో పాడి వినిపించడం వారి వృత్తి. ఆ వృత్తిని ఆదరించే ఇళ్లు తగ్గిపోయాక పిల్లలు వేరే పనుల్లోకి వెళ్లారు. మీ ఊరికి వచ్చే కుటుంబం ఒకటి ఉందని తెలిస్తే మిగిలిన వెతుకులాట అంతా ఆపి వారి దగ్గరికి వెళ్లమని చెబుతాను. గ్రంథాలయంలోని పుస్తకం వచ్చే ఏడాది కూడా అక్కడే ఉంటుంది. ఎనభై ఏళ్ల మనిషి జ్ఞాపకం అలా ఉండదు. రికార్డు చేసుకునే ముందు అడగండి, తగిన సంభావన ఇవ్వండి, ఆ రికార్డింగు ప్రతిని వారి పిల్లలకు కూడా ఇవ్వండి.

దొరికిన ప్రతిని ఎక్కడ ఉంచాలి

ఇంట్లోనే ఉంచాలని ఎక్కువ మందికి ఉంటుంది. సముద్రపు గాలి, ఉప్పు, వానాకాలపు తేమ ఉన్న ఊరిలో అది అంత సులువు కాదు. గోడకు ఆనించిన స్టీలు బీరువాలో కూడా బూజు పడుతుంది, చెదలు తలుపు సందులోంచి వస్తాయి. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను ఈ నగరం మీద విరుచుకుపడినప్పుడు కిటికీలు ఊడి, పైకప్పులు లేచిపోయి, ఇళ్లలోకి నీళ్లు వచ్చాయి. ఒకే ఒక్క ప్రతి ఒకే ఇంట్లో ఉండడం ఎంత ప్రమాదమో ఆ రోజు చూసినవారికి చెప్పనక్కరలేదు.

కుల సంఘం భవనానికి ఇవ్వడం ఇంకొక పద్ధతి. అక్కడ పుస్తకాన్ని గౌరవంగా చూస్తారు, కానీ పాలకవర్గం మారితే బీరువా తాళం ఎవరి దగ్గర ఉందో తెలియని పరిస్థితి వస్తుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయానికి ఇస్తే భద్రత, జాబితాలో చోటు రెండూ దొరుకుతాయి, మీకు మళ్లీ చూడాలంటే మాత్రం అనుమతి కావాలి. నా ఎంపిక ఇది: రెండు ప్రతులు ఉంటే ఒకటి గ్రంథాలయానికి, ఒకటి ఇంట్లో. ఒక్కటే ఉండి, అది పెళుసుబారిపోయి ఉంటే, స్కాన్ చేయించాక గ్రంథాలయానికే. ఇచ్చేటప్పుడు దానపత్రం రాసి, ప్రవేశ సంఖ్య (గ్రంథాలయ రిజిస్టరులోని నంబరు) వేసిన రసీదు తీసుకోండి. తాళపత్రాలైతే నిపుణులు లేకుండా తుడవడం, నూనె రాయడం లాంటివి చేయవద్దు. 2003లో మొదలైన జాతీయ పాండులిపి మిషన్ ద్వారా శిక్షణ పొందినవారు విశ్వవిద్యాలయాల్లో ఉంటారు.

లామినేషన్ చేయించవద్దు. సెల్లోటేపు అంటించవద్దు. ఈ రెండింటివల్ల పాడైన పుస్తకాలు చెదలు తిన్న వాటికంటే తక్కువ కాదు, పైగా ప్రేమతో చేసిన పాడు అది.

ఫోనా, స్కానరా

వాడుకోవడానికి మాత్రమే అయితే ఫోను చాలు. కిటికీ పక్కన పగటి వెలుగులో, ఫ్లాష్ లేకుండా, పుస్తకాన్ని బలవంతంగా పూర్తిగా విప్పకుండా, నొక్కకుండా ఒక్కో పేజీ తీయండి. అట్ట, ఖాళీ పేజీలు, ఎవరో పెన్సిలుతో మార్జిన్‌లో రాసుకున్న జనన తేదీలు కూడా వదలవద్దు. అచ్చులో లేని సంగతి అక్కడే ఉంటుంది. శాశ్వతంగా దాచడానికైతే కనీసం 300 డీపీఐ (అంగుళానికి చుక్కల లెక్క), చిన్న అక్షరాలకు 400, ఫోటోలకు 600 ఉండాలి. కుట్టు బిగుతుగా ఉన్న పుస్తకాన్ని బల్ల స్కానరు మీద బోర్లించి నొక్కితే వెన్ను విరుగుతుంది. పై నుంచి తీసే స్కానరు ఉన్న చోటికే తీసుకెళ్లండి. మడత కాగితాన్ని ముక్కలుగా తీసి అతికించడం కంటే, పెద్ద ప్లాన్లు స్కాన్ చేసే దుకాణంలో ఒకే బొమ్మగా తీయించడం మంచిది.

అక్షరాలను కంప్యూటర్‌తో చదివించే సౌకర్యం ఇప్పుడు తెలుగుకు కూడా ఉంది. గూగుల్ డ్రైవ్ అచ్చు తెలుగును బాగానే గుర్తిస్తుంది. అరసున్నలు, పాత అక్షర రూపాలు ఉన్న ముద్రణలో తప్పులు ఎక్కువ వస్తాయి. వంశవృక్షంలో ఒక అక్షరం మారితే మనిషే మారిపోతాడు, కనుక పేర్లను కంటితో సరిచూడకుండా ఎవరికీ పంపవద్దు.

అందరికీనా, మనవారికేనా

రచయిత మరణించిన మరుసటి ఏడాది మొదలుకొని 60 ఏళ్లు కాపీహక్కు ఉంటుంది. 1960లో మరణించిన వారి పుస్తకం 2020 చివరిదాకా రక్షణలో ఉండి, ఆ తర్వాత అందరిదీ అయింది. అలాంటిదాన్ని నిస్సంకోచంగా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పెట్టవచ్చు, పుస్తకాలను అక్షరాల రూపంలో ఉంచే తెలుగు వికీసోర్స్‌లో కూడా చేర్చవచ్చు. పీడీఎఫ్ మాత్రమే కావాలంటే మొదటిది సులువు. అక్షరాల్లోకి మార్చి, వెతికితే పేరు దొరికేలా చేయాలంటే రెండోది. శ్రమ ఎక్కువ, కానీ మీ ఇంటిపేరున్న ఎవరో తెలియని దూరపు బంధువు మీ పుస్తకాన్ని కనుక్కునేది దానివల్లే. కుటుంబ వాట్సాప్ గుంపులో పంపడం పంచడం కాదని నా నమ్మకం. ఫోను మారినప్పుడు పోతుంది, గుంపులో లేనివారికి అది ఉన్నట్టే తెలియదు.

ఇటీవలి తరాల పేజీల విషయం వేరు. బతికి ఉన్నవారి పుట్టిన తేదీలు, చిరునామాలు, ఫోను నంబర్లు, పిల్లల పేర్లు బహిరంగంగా పెట్టవద్దు. పాత పుస్తకాన్ని అందరికీ, కొత్త అనుబంధాన్ని కుటుంబానికి మాత్రమే ఇవ్వడం అన్నిటికంటే సరైన పద్ధతి. దత్తతలు, రెండో పెళ్లిళ్లు, విడిపోయిన శాఖల సంగతులు అచ్చులో ఇదివరకే ఉన్నా, ఆ శాఖ వారితో ఒక మాట చెప్పి ముందుకు వెళ్లండి.

పునర్ముద్రణ చేయదలిస్తే పాత పుస్తకాన్ని ఉన్నది ఉన్నట్టు ఫోటో ముద్రణగా వేసి, కొత్త తరాలను చివర వేరే భాగంగా చేర్చండి. రెండూ కలిపి కొత్తగా టైపు చేస్తే ఏది ముత్తాత రాసింది, ఏది మనం చేర్చింది అన్నది తర్వాతివారికి తెలియదు. ఆ కొత్త భాగంలో కూతుళ్ల పేర్లు, వారి పిల్లల పేర్లు, కోడళ్ల పుట్టింటి పేర్లు, ఊళ్లు తప్పక వేయండి. పాత వృక్షాల్లో కొడుకులు లేని చోట కొమ్మ ఆగిపోయినట్టు చూపించారు. ఆ ఇంట్లో నలుగురు ఆడపిల్లలు ఉండి ఉండవచ్చు.

పుస్తకం ఉండి కూడా ఇవ్వనంటున్న బంధువు ప్రతి వంశంలోనూ ఒకరు ఉంటారు. వారిని తప్పుపట్టకండి, ఇదివరకు ఎవరో తీసుకెళ్లి తిరిగి ఇవ్వని అనుభవం వెనుక ఉంటుంది. పుస్తకం ఇల్లు దాటనక్కరలేదని చెప్పి, ఒక ఆదివారం ఉదయం వారి ఇంటికే వెళ్లి, వారి బల్ల మీదే ఫోటోలు తీసుకోండి. బైండింగు చేయించిన మొదటి ప్రతిని వారికే ఇవ్వండి, దాన్ని కాపాడినవారిగా వారి పేరును ముందుమాటలో వేయండి.